శకుంతల ఎటు చూచినది?

ఈ సంవత్సరపు సంచికకు ప్రేమను గురించి వ్యాసం వ్రాస్తామని చెప్పగానే సంపాదకవర్గంలోని మిత్రులు ఒకరి ముఖం ఒకరు చూచుకున్నారు. ఉర్దూ విభాగం వారికి ఈ చిక్కు లేదు. గజల్ అని పేరు పెడితే చాలు, ఇష్క్ అన్న మాట పుటకు పదిసార్లు వచ్చినా అది దైవభక్తి అని సర్దిచెప్పవచ్చును. తెలుగు విభాగానికి అంతటి సౌకర్యం లేదు. కనుక మొదటనే మనవి చేసుకుంటున్నాము. ఈ వ్యాసంలో ప్రేమ ఉన్నది; అయితే పద్దెనిమిదేళ్ల వయస్సుకు తగినంతే ఉన్నది. అందులో కన్నీరు తక్కువ, జిగురు ఎక్కువ. కమిటీ పెద్దలు నిశ్చింతగా చదువవచ్చును.

2019వ సంవత్సరం చివరి మాట ఇది. అప్పటికి మా కళాశాలలో నాటక సంఘానికి, తపాలా బిళ్లల సంఘానికి కలిపి ఒకటే బీరువా ఉండేది. గ్రంథాలయం వెనుక ఇరుకు గదిలో దాని నివాసం. పై రెండు అరలలో నాటకం వారి తగరపు కిరీటాలు, విగ్గులు, గడ్డాలు మీసాలకు వాడే క్రేపు జుట్టు, రంగు డబ్బాలు. క్రింది రెండు అరలలో బిళ్లల ఆల్బములు. నాటక సంఘానికి మేము బాధ్యులము. రెండవ సంఘానికి బాధ్యులెవరో నోటీసు బోర్డు మీద వ్రాసి ఉండేది గాని, నిజానికి దానిని నడిపినవాడు బి.కాం. రెండవ సంవత్సరపు కుర్రవాడొకడు. సభ్యులు మొత్తం నలుగురు. వారిలో ఇద్దరు రుసుము చెల్లించలేదు.

సెల్‌ఫోనులో లోకమంతా కనబడే ఈ రోజులలో తపాలా బిళ్లలు పోగుచేసే కుర్రవాడు ఎక్కడ నుంచి వచ్చాడని మీరు అడుగవచ్చును. అతని ముత్తాతగారు నిజాం కాలంలో తపాలా ఉద్యోగి అట. ఆయన దాచిన బిళ్లలు తాతగారికి, తాతగారి నుంచి ఇతనికి వచ్చినవి. ఆ ఆల్బము మేము కూడా తిరగవేశాము. ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్లలో వచ్చిన హైదరాబాదు బిళ్ల ఒకటి చూపి, “సార్, దీని విలువ నాలుగు లిపులలో వ్రాసి ఉన్నది. ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీ, తెలుగు. మన కాలేజీ నోటీసు బోర్డు మీద రెండు భాషలకే చోటు చాలదు. వీళ్లు గోరంత కాగితంలో నాలుగింటిని ఇమిడ్చారు” అన్నాడు. ఆ నోటీసు బోర్డు తగవు తెలిసినవారికి ఆ మాటలోని రుచి తెలుస్తుంది. 1952లో మన తపాలా శాఖ కవుల పేర బిళ్లలు వేసినప్పుడు కబీరు, తులసీదాసులతో పాటు గాలిబ్‌కు కూడా ఒకటి వేసినది. దాని వెల నాలుగున్నర అణాలు. రవీంద్రునికి పన్నెండణాలు పెట్టి గాలిబ్‌ను నాలుగున్నరకు కట్టడం అన్యాయమని ఈ కుర్రవాని వాదం. అప్పులతో బ్రతుకు గడిపిన గాలిబ్‌కు ఆ ధర విని నవ్వు వచ్చేదేమో.

ఇక నాటకం మాట. వార్షికోత్సవానికి ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి ప్రదర్శించడం మా ఆచారం. ఉర్దూ వారు ఆ ఏడు ఇంతియాజ్ అలీ తాజ్ ‘అనార్కలీ’లో కొంత భాగం తీసుకున్నారు. మేము శాకుంతలంలో మూడవ అంకం తీసుకున్నాము. ముస్లిం కళాశాలలో కణ్వాశ్రమమేమిటని ఒకరిద్దరు సణిగారు. అలా సణిగేవారికి చరిత్ర కొంచెం చదివి వినిపించాలి. కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో కాజిం అలీ జవాన్ శకుంతల కథను 1801లోనే హిందూస్తానీలోకి తెచ్చాడు. లక్నోలో అమానత్ 1853లో వ్రాసిన ‘ఇందర్ సభ’ నడిచేదే ఇంద్రుని కొలువులో. అందులో సబ్జ్ పరీ గుల్ఫామ్ అనే రాకుమారుని ప్రేమిస్తుంది. ఇక తెలుగులో పిఠాపురం ఉమర్ ఆలీషా గారు అనసూయ కథను నాటకంగా వ్రాశారు. ఇందరు పెద్దలు నడిచిన బాటలో మా పిల్లలు నాలుగడుగులు వేస్తే ఏ గోడా కూలదు.

అసలు చిక్కు కథలో లేదు, శకుంతల వేషంలో ఉన్నది. అంతకుముందు మా వేదిక మీద ఆడవేషాలన్నీ మగపిల్లలే వేశారు. అది చిన్నతనమేమీ కాదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు (1902-1971) సత్యభామ వేషంలో నిలిస్తే స్త్రీలు సైతం ఆ నడక నేర్చుకోవాలనుకునేవారని పెద్దలు చెప్పగా విన్నాము. కాని ప్రతి కళాశాలకు ఒక స్థానం వారు దొరకరు. మాకు దొరికినవాడు ఫుట్‌బాలు జట్టు గోల్‌కీపరు. అతడు చీర కట్టుకుని కూర్చుంటే ప్రియంవద భయపడినది. బళ్లారి రాఘవ గారు (1880-1946) స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని ఎందుకంత పట్టుబట్టారో ఆనాడు మాకు బోధపడినది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో పుట్టిన సురభి సమాజంలో ఆ ఇంటి ఆడపడుచులే ఆడవేషాలు కడుతూ వచ్చారు. వారి ప్రదర్శన ఒకటి మేము ఎం.ఏ. చదివే రోజులలో చూచాము. పసిపిల్లను ఒడిలో నుంచి దించి ఒకావిడ రుక్మిణిగా వేదిక మీదికి వెళ్లి, వచ్చి మళ్లీ పిల్లను ఎత్తుకున్నది. అది మాకు మరపురాలేదు.

కనుక బి.ఏ.లో స్పెషల్ తెలుగు చదువుతున్న ఒక అమ్మాయిని అడిగాము. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే పిల్ల. పద్యం చదివితే యతిస్థానం దగ్గర ఊపిరి ఎక్కడ తీయాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక రాత్రి ఆలోచించుకుని వచ్చి, “తలమీద కొంగు జారదు సార్, అలా అయితే వేస్తాను” అన్నది. ఆశ్రమకన్యకు తలమీద కొంగు ఉంటే కాళిదాసుకు అభ్యంతరం ఉండదని మేము హామీ ఇచ్చాము.

డిసెంబరులో ఒకనాడు బీరువా పై అరలో స్పిరిట్ గమ్ సీసా మూత ఊడిపోయినది. గడ్డాలు అంటించే ఆ జిగురు బొట్టుబొట్టుగా క్రింది అరలోకి దిగి, తెరచి ఉంచిన ఆల్బములో ఒక పుట మీద పేరుకున్నది. ఆ పుటలో ఉన్నవి 1960లో కాళిదాసు పేర వచ్చిన రెండు బిళ్లలు. పదిహేను నయాపైసల దానిలో మేఘాన్ని వేడుకొనే యక్షుడు. రూపాయి మూడు నయాపైసల దానిలో దుష్యంతునికి లేఖ వ్రాస్తున్న శకుంతల. జిగురుతో పాటు క్రేపు జుట్టు కూడా రాలడం వల్ల యక్షునికి బారెడు గడ్డం మొలిచినది. విరహంతో క్షౌరం మానుకున్నాడని మేము సమర్థించబోయాము గాని కుర్రవాని ముఖం చూచి ఊరుకున్నాము. అతడు ఏడవలేదు. ఆల్బమును రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు.

అప్పుడు ముందుకు వచ్చినది శకుంతల. నేరం నాటక సంఘానిది కనుక మరమ్మతు కూడా నాటక సంఘమే చేయాలన్నది. వాడిన బిళ్లను కవరు ముక్క నుంచి ఊడదీయాలంటే గోరువెచ్చని నీటిలో పావుగంట నానవేసి, పట్టుకారుతో తీసి, అద్దుడు కాగితాల మధ్య ఆరబెడతారు. ఈ జిగురు నీటికి లొంగదు. అది స్పిరిటులో కరిగించిన బంక, స్పిరిటుకే లొంగుతుంది. అయితే స్పిరిటు తగిలితే కొన్ని సిరాలు కరిగిపోతాయి. అందుచేత ముందు పనికిరాని బిళ్ల మీద పరీక్షించి చూడాలి. రసాయనశాస్త్రం వారిని బ్రతిమాలి చిన్న సీసాడు స్పిరిటు తెచ్చుకుని, ఈ ఇద్దరూ గది తలుపులు బార్లా తెరచి పెట్టి, అటెండరును ఎదుట కూర్చోబెట్టుకుని వారం దినాలు ఈ వైద్యం చేశారు. పుల్లకు దూది చుట్టి ఒకరు తుడవడం, భూతద్దంతో మరొకరు చూడడం. శకుంతల క్షేమంగా బయటపడినది. యక్షుని గడ్డంలో రెండు వెంట్రుకలు మాత్రం నేటికీ అలాగే ఉన్నవి.

ఆ వారం తరువాత ఒక సంగతి మా దృష్టికి వచ్చినది. ఆ అమ్మాయి కళాశాలలో అందరినీ భాయ్ అంటుంది. దుష్యంతుని వేషం వేసే మూడవ సంవత్సరం విద్యార్థిని భాయ్ అంటుంది. అటెండరును భాయ్ అంటుంది. క్యాంటీను పిల్లవానిని కూడా భాయ్ అనే అంటుంది. ఈ కుర్రవానిని మాత్రం ‘స్టాంపులాయన’ అనసాగినది. మన ఇళ్లలో పెరిగినవారికి ఇంతకన్న వివరం అవసరం లేదు.

నాటకానికి ప్రాంప్టరు కావలసి వచ్చినది. స్టాంపులాయన స్వయంగా వచ్చి చేరాడు. మంచి ప్రాంప్టరుకు కావలసిన గుణాలన్నీ బిళ్లలు సేకరించేవానికి ఉంటాయి: చూపు పుట మీద నుంచి కదలదు, వేలు పంక్తి మీద నుంచి జారదు, తన పేరు ఎక్కడా రాకపోయినా బాధపడడు. మూడవ అంకంలో దుష్యంతుడు లతల చాటున దాగి, శకుంతల తామరాకు మీద గోటితో వ్రాసిన లేఖ చదువుతుండగా వింటాడు. మా ప్రదర్శనలో దుష్యంతుడు కుడివైపు అట్ట పొద వెనుక దాగితే, ఎడమవైపు వింగులో మరొకడు దాగి ఉండేవాడు. తేడా ఏమిటంటే, శకుంతల పలుకబోయే ప్రతి మాటా ఈ రెండవవాని నోట ముందుగా పుట్టేది. అతడు గుసగుసగా అందించడం, ఆమె అందుకుని పైకి పలకడం. లేఖలోని తాపమంతా దుష్యంతుని ఉద్దేశించినదే గదా! ఎడమ వింగులోని గొంతు మాత్రం రోజురోజుకు తడబడసాగినది.

శకుంతల ఎడమవైపే చూడసాగినది. “అమ్మా, నీ ప్రియుడు కుడివైపున ఉన్నాడు” అని రోజుకు నాలుగుసార్లు చెప్పేవారము. “సరే సార్” అనేది. రెండు పంక్తులు కుడివైపు చెప్పి మూడవ పంక్తికి మళ్లీ ఎడమకు తిరిగేది. దుష్యంతుడు ఒకనాడు కోపగించి, కత్తి పారవేసి, “నేను రాజునా, స్తంభమునా?” అని అడిగాడు. అతనికి మంచి మీసం ఉన్నది. కథానాయకత్వం దానితోనే సంక్రమిస్తుందని అతని నమ్మకం.

పెద్దలు ఇక్కడ మమ్మల్ని ఒక మాట అడుగుతారు: తెలిసి కూడా మీరు ఎందుకు ఊరుకున్నారు? మాకు తోచిన సమాధానం చెబుతాము. పద్దెనిమిదేళ్ల ప్రాయంలో ఇద్దరిని ఖాళీ చేతులతో ఎదురెదురుగా నిలబెడితే సినిమాలలో విన్న మాటలు తప్ప వేరే మాటలు వారి వద్ద ఉండవు. అదే ఇద్దరికి బిళ్లనో పాత్రనో అప్పగిస్తే ఒకరి ఓపికను ఒకరు చూస్తారు, ఒకరి కోపాన్ని ఒకరు చూస్తారు. జిగురంటిన కాగితాన్ని తొందరపడి చింపకుండా వారం రోజులు తుడిచినవాడు ఎటువంటివాడో ఆ అమ్మాయికి తెలిసినది. తన తప్పు కాకపోయినా సంఘం తప్పును నెత్తిన వేసుకున్న పిల్ల ఎటువంటిదో అతనికి తెలిసినది. పెళ్లిచూపుల నాడు పావుగంటలో, పదిమంది మధ్య, మిఠాయి పళ్లెం అడ్డుగా ఇంత తెలుసుకోవడం సాధ్యమా? తలుపులు తెరచి ఉన్నవి, అటెండరు ఎదుట ఉన్నాడు, పని జరుగుతున్నది. మాకు అంతకుమించి కావలసినది లేదు.

కాని ఊరికి కావలసినవి వేరే ఉంటాయి. జనవరిలో అమ్మాయి తండ్రిగారు వచ్చారు. బజారులో గడియారాల మరమ్మతు దుకాణం ఆయనది. మితభాషి. కుర్చీ అంచున కూర్చుని, “సార్, మీరు చదువుకున్నవారు. మా బంధువులలో ఒకరు, మీ అమ్మాయి వేషం కడుతున్నదట గదా అన్నారు. ఇంకొకరు ఇంకో మాట కూడా అన్నారు. ఒక సంబంధం వచ్చి ఉన్నది. డిగ్రీ అయ్యేదాకా ఆగుదామని నేను అనుకుంటున్నాను. ఈ మాటలు పెరిగితే ఆగనివ్వరు” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అందువల్లనే మాకు భయం కలిగినది. పోయేది వేషం ఒక్కటే కాదు. ఆ పిల్ల చదువు ఒక పుకారుకు మూరెడు దూరంలో ఉన్నది. అటువంటి చదువులు ఆగిపోవడం మేము హాజరుపట్టీలో చూస్తూనే ఉంటాము. ఒక సోమవారం నాడు పేరుకు ఎదురుగా గీత పడుతుంది, తరువాత గీతలే.

మేము వాదించలేదు. రిహార్సలు జరుగుతున్నది, వచ్చి కూర్చోండి అన్నాము. ఆయన వచ్చి చివరి బెంచీ మీద కూర్చున్నారు. అంకమంతా చూచారు. తరువాత మరమ్మతు జరిగిన ఆల్బము తెప్పించుకుని, జేబులో నుంచి గడియారాల కంటద్దం తీసి కంటికి బిగించుకుని శకుంతల బిళ్లను చాలాసేపు పరిశీలించారు. “ఇది ఎవరు తుడిచారు?” అన్నారు. ఇద్దరూ తలవంచుకున్నారు. “ఇక్కడ మూల పళ్లు ఒక్కటీ విరగలేదు” అన్నారు. అది మెచ్చుకోలో, సాక్ష్యం నమోదు చేయడమో మాకు అర్థం కాలేదు.

వెళ్లేముందు ఆయన మూడు షరతులు పెట్టారు. ప్రదర్శన నాడు అమ్మాయి తల్లి, నానీ, ఖాలాలు ముందు వరుసలో కూర్చుంటారు. దుష్యంతుడు మూడు మూరల దూరంలో నిలబడాలి. మూడవది చెప్పడానికి కాస్త ఆగారు. “ఆ అందించే కుర్రవాడు ఎడమవైపున కూర్చోవద్దు. కుడివైపుకు మార్చండి, రాజు వెనకకు.” మేము సరే అన్నాము. రోజంతా ముల్లు ఎటు లాగుతున్నదో చూచే మనిషి కంటికి మా రిహార్సలులోని లోపం ఒక్కసారికే దొరికినది.

2020 ఫిబ్రవరిలో ప్రదర్శన జరిగినది. ప్రాంప్టరు కుడి వింగులో, సరిగ్గా దుష్యంతుని భుజం వెనుక కూర్చున్నాడు. తెర లేచినది. ఫలితం ఏమిటో చదువరులు ఊహించే ఉంటారు. శకుంతల నాటకమంతా దుష్యంతుని వైపే చూచినది. తామరాకు లేఖ చదివేటప్పుడు ఆమె కన్నులు దుష్యంతుని భుజాన్ని దాటి కొంచెం వెనకకు పోవడం వల్ల, దూరంగా ఉన్నవానిని తలచుకుంటున్న విరహిణి చూపు అచ్చంగా కుదిరినది. ముందు వరుసలో నానీ కళ్లు తుడుచుకున్నది. న్యాయనిర్ణేతగా వచ్చిన వృద్ధ నటుడు, ఆ చూపు శిక్షణతో వచ్చేది కాదని పొగిడి ఆమెకు ఉత్తమ నటి బహుమతి ప్రకటించారు. దుష్యంతుడు ఆ చూపు తన మీసం ప్రభావమని ఈనాటికీ చెప్పుకుంటున్నాడు. తండ్రిగారు ఏ ఉద్దేశంతో ఆ మార్పు చేయమన్నారో మేము అడుగలేదు. గడియారం బాగుచేసేవారు ఏ మర ఎందుకు త్రిప్పారో గిరాకీకి చెప్పరు.

ఒక నెల తిరిగేసరికి మార్చి 25 నుంచి దేశమంతా తలుపులు మూసుకున్నది. కళాశాల లేదు, బీరువా గది లేదు. ఆ ఇంట్లో ఉన్న ఒక్క సెల్‌ఫోను ముగ్గురు పిల్లల పాఠాలకు వంతుల వారీగా తిరిగేది. అటువంటి రోజులలో స్టాంపులాయన చేసిన పని మాకు ఎంతో నచ్చినది. తపాలా మళ్లీ కదలగానే అర్ధరూపాయి పోస్టుకార్డు మీద, అందరూ చదువగలిగేలా, తెలుగులో ఒక ప్రక్క, ఉర్దూలో ఒక ప్రక్క, తండ్రిగారి పేరు మీద ఉత్తరం వ్రాశాడు. విషయం బిళ్లలే. ఆల్బమును చెదపురుగు నుంచి కాపాడుతున్నాననీ, నాటక సంఘం తరఫున ఎవరైనా ఒకసారి తనిఖీ చేస్తే మంచిదనీ. జవాబు కూడా కార్డు మీదనే వచ్చినది, తండ్రిగారి దస్తూరీతో మొదలై మరొకరి దస్తూరీతో ముగిసినది. పోస్టుమాను మొదలు పొరుగింటి వారి వరకు అందరూ చదివిన ఆ కార్డులలో ఒక్క రహస్యమూ లేదు. పుకార్లు పుట్టించే వారికి ఇంతకన్న శిక్ష ఉండదు.

అమ్మాయి బి.ఏ. పూర్తి చేసి బి.ఎడ్. చదివినది. ఇప్పుడు ఒక పాఠశాలలో తెలుగు చెబుతున్నది. కుర్రవాడు హైదరాబాదులో ఆడిటరు కార్యాలయంలో లెక్కలు వ్రాస్తున్నాడు. ఆనాటి సంబంధం వారు వేరే చోట చూచుకున్నారు. రెండు ఇళ్ల పెద్దల మధ్య రాకపోకలు మొదలైనవని విన్నాము. తక్కినది మా శాఖ కాదు.

మొన్న మా చేతిగడియారం ఆగిపోతే ఆ దుకాణానికి వెళ్లాము. బల్ల మీది అద్దం క్రింద పాత డయళ్లు, ముళ్లు పరచి ఉన్నవి. వాటి నడుమ, చిన్న ప్లాస్టిక్ తొడుగులో, లేఖ వ్రాస్తున్న శకుంతల ఉన్నది. రూపాయి మూడు నయాపైసలది. ఆయన మా చూపు పోయిన చోటు గమనించారు. అక్కడ ఉన్న దుమ్ము తుడుచుకున్నారు తప్ప ఏమీ అనలేదు. బ్యాటరీ మార్చి నూరు రూపాయలు అడిగారు. కొంచెం తగ్గించరాదా అంటే, “లెక్చరరు గార్లకు తగ్గింపు లేదు సార్” అని, కంటద్దం మళ్లీ కంటికి బిగించుకున్నారు.